భాగ్యనగరం దారులు – 9: రెండు వెంచర్ల నడుమ గోడ

పాతబస్తీలో గుల్జార్‌హౌజ్ దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కనిపిస్తాయి. దక్షిణం కమాను దాటి నాలుగడుగులు వేస్తే చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఊరికి పునాది వేసినప్పుడు ఈ నక్షా గీసింది ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ అని చెబుతారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకపు దారిని పట్టుకుని, రెండు పెద్ద రోడ్లు ఒకదాన్నొకటి కోసుకునే చోట చార్మినార్ నిలబెట్టారు. ఊరు ఆ కూడలి నుంచి నాలుగు వైపులా పెరిగింది.

ఆ కూడలి చుట్టూ కుతుబ్‌షాహీలు కట్టుకున్న రాజమహళ్ళలో ఇప్పుడు ఒక్కటీ లేదు. దాద్ మహల్ లేదు, ఖుదాదాద్ మహల్ లేదు. ఎక్కడెక్కడ ఉండేవో చెప్పాలంటే చరిత్రకారులే తర్జనభర్జన పడతారు. వాటి ముందు గీసిన రోడ్లు మాత్రం ఉన్న చోటనే ఉన్నాయి. ఊళ్ళో అన్నిటికంటే ఆయుష్షు ఎక్కువ రోడ్డుకే. ఇల్లు కూలుతుంది, కోట కూలుతుంది, రాజ్యం చేతులు మారుతుంది. రోడ్డు మహా అయితే వెడల్పవుతుంది గానీ చోటు మారదు. దాన్ని జరపాలంటే పక్కనున్న వందమంది ఆస్తిని జరపాలి కదా.

నాలుగు దిక్కులకూ దారి తెరిచి మొదలైన ఊరు ఇది. నాలుగు శతాబ్దాలు తిరిగేసరికి వెనక వీధి కాలనీకి పోవాలన్నా మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తీసుకుని, మళ్ళీ లోపలికి దిగాల్సిన ఊరైంది. ఊరు పెద్దదైతే అంతేలే అని సరిపెట్టుకోవడం తేలిక. నేను ఒప్పుకోను. ఊరు పెరగడానికీ దారులు తెగిపోవడానికీ నడుమ ఇంకో సంగతి ఉంది. నీ స్థలానికీ నా స్థలానికీ మధ్య కలిపే గీత ఎవరు గీయాలి? ఈ భాగమంతా ఆ గీత చుట్టూనే.

ముందుగా ఒక భ్రమ తొలగించుకుందాం. పాత హైదరాబాద్‌లో దారులన్నీ బార్లా తెరిచి ఉండేవనుకుంటే పొరపాటు. నిజాంల కాలపు అమీర్లు దేవిడీల్లో ఉండేవారు. ఎత్తయిన గోడ, నగారాఖానా ఉన్న గేటు, లోపల మర్దానా, జనానా, తోటలు, గుర్రపుశాలలు, నౌకర్ల ఇళ్ళు. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ ఒక్కటే ఒక చిన్న పేటంత ఉండేది. ఇప్పటి గేటెడ్ కమ్యూనిటీకి తాత ఎవరంటే నేను దేవిడీనే చూపిస్తాను. దేవిడీల చుట్టూ ఉన్న మొహల్లాల్లో గల్లీలు వంకరలు తిరిగి ఎవరో ఒకరి గుమ్మం ముందు ఆగిపోయేవి. పరాయివాడు ఊరికే రాకూడదన్నదే ఆ ఏర్పాటు.

వీటన్నిటి చుట్టూ ఊరిగోడ. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ 1720లలో మొదలుపెట్టిన ఆ గోడను మొదటి ఆసఫ్‌జా 1740 ప్రాంతంలో పూర్తి చేయించాడు. దానికి పెద్ద దర్వాజాలు, వాటి మధ్య మధ్య ఖిడ్కీలు. దర్వాజాలు బండ్లకు, ఏనుగులకు, సవారీలకు. ఖిడ్కీలు కాలినడకన వచ్చేవాళ్ళకు. గోడ కట్టించిన పాలకుడికి కూడా, పక్క పేటకు కూరగాయల గంపతో పోయే మనిషిని మైలు దూరం తిప్పడం సబబు కాదని తోచింది. దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. లాల్ దర్వాజా, అలియాబాద్, గౌలిపురా, యాకుత్‌పురా బస్తీల పేర్లుగా మిగిలాయి. రంగేలీ ఖిడ్కీ అన్న పేరూ బతికే ఉంది. మూసిన గల్లీలు పాతబస్తీకీ ఉన్నాయి, కానీ అవి పొట్టివి. గల్లీ బయటికి రాగానే ఒక బజారు తగిలేది, ఆ బజారు ఇంకో బజారును కలిసేది, అది కమాన్‌కో దర్వాజాకో చేరేది. కొమ్మ చివర ఆగినా మాను ఆగేది కాదు. ఇది గుర్తుంచుకోండి, ముందుముందు అక్కరకొస్తుంది.

మూసీ అవతల కథ వేరు. 1803లో మొదలై కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ లేచింది, దాని చుట్టూ రెసిడెన్సీ బజార్లు వెలిశాయి. 1806లో హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన సికందర్ జా పేరిట సికింద్రాబాద్ కంటోన్మెంటు పుట్టింది. సైన్యం గీసిన ఊరు కాబట్టి బారకులు, పరేడ్ మైదానాలు, తిన్నని బజారు వీధులు. అంటే పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ ఒకటి కాదు, మూడు ఊళ్ళు, మూడు నక్షాలు, మూడు పెత్తనాలు. వాటిని కలిపినవి చాదర్‌ఘాట్ వంతెన, నయాపూల్, ట్యాంక్‌బండ్ కట్ట, 1874లో వచ్చిన వాడి–సికింద్రాబాద్ రైలు. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. ఇవాళ కోఠీ నుంచి అబిడ్స్ వైపు నడిచేవాళ్ళకు సందుల తీరు ఉన్నట్టుండి మారినట్టు అనిపిస్తే కారణం అదే. కాలి కింద ఒక పాత సరిహద్దు ఉంది.

మూసీ వరద గురించి కిందటి భాగంలో వివరంగా చెప్పుకున్నాం. 1908 సెప్టెంబర్ 28న వేల ప్రాణాలు తీసిన ఆ నీరు ఊరి నక్షాను కూడా తిరగరాయించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈ భాగానికి కావలసింది వాటికంటే తక్కువగా గుర్తున్న ఒక సంస్థ. 1912లో, ఏడో నిజాం గద్దెనెక్కిన మరుసటి ఏడు, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. తర్వాతి కాలంలో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా దానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన పేరు మోసుకుని తిరిగే మార్కెట్ 1935 నాటిది.

ఆ బోర్డు చేసిన పని చూడాలంటే పత్తర్‌గట్టి పోవాలి. చార్మినార్ వైపు పోయే ఇరుకు బజారును వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమాన్ల వరండాలతో దుకాణాలు కట్టించారు. ఎండలో, వానలో జనం వరండా కిందనే నడిచిపోతారు. రోడ్డు బండ్లకు, వరండా మనుషులకు. నవాబుల దేవిడీల్లోంచి కూడా అవసరమైన చోట నేల తీసుకుని రోడ్లు తీశారు. మురికివాడలు తొలగించి మల్లేపల్లి, ఆజంపురా, రెడ్‌హిల్స్ లాంటి చోట్ల వరుస ఇళ్ళు కట్టారు. ఆ కూల్చివేతల్లో బీదవాళ్ళు పడ్డ ఇబ్బంది తక్కువేమీ కాదు, రాచరికంలో అడిగే నాథుడూ లేడు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. రెండు ఆస్తుల మధ్య దారి గీసే బాధ్యత అప్పుడు ఒకరి నెత్తిన ఉంది. గీయకపోతే ఎవరిని అడగాలో తెలిసేది.

1901లో ఊరి జనాభా దాదాపు నాలుగున్నర లక్షలు. 2011 జనగణనలో హైదరాబాద్ నగర సముదాయానిది 77 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య రోడ్లు గీసే చెయ్యి మారిపోయింది.

1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఉద్యోగులకు ఇళ్ళు కావలసి వచ్చాయి. ప్రభుత్వం, హౌసింగ్ బోర్డు తమ కాలనీలు తామే గీశాయి. విజయనగర్ కాలనీ, వనస్థలిపురం, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) లాంటివి. కేపీహెచ్‌బీలో ఎంత ట్రాఫిక్ ఉన్నా, ఒక రోడ్డు మూసేస్తే పక్క రోడ్డులోంచి పోవచ్చు, ఆ పక్కదీ మూస్తే ఇంకోటి ఉంటుంది. వందల ఎకరాలకు ఒకే యజమాని, ఒకే నక్షా. ఇంకోవైపు గుట్టల మీద, 1930లలో మెహదీ నవాజ్ జంగ్ బంజారాభవన్ కట్టుకుని మొదలుపెట్టిన బంజారాహిల్స్, 1960లలో సహకార సంఘం ద్వారా వెలసిన జూబ్లీహిల్స్. బండరాళ్ళ మధ్య వాలు వెంబడి పాకిన రోడ్లవి. వాటికి పేర్లు పెట్టే ఓపిక లేక నంబర్లు వేశారు. ఆ నంబర్లలో వరుస వెతికి అలసిపోని ఆటో డ్రైవరు ఈ ఊళ్ళో ఉండడు.

1976లో పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. పెద్ద పెద్ద విస్తీర్ణాలు ఒకే చేతిలో ఉంచుకోవడం ప్రమాదమైంది. ఉన్నవాళ్ళు ముక్కలు చేసి అమ్మారు, సహకార సంఘాలకు ఇచ్చారు, కొందరు చట్టం వర్తించని దూరపు పల్లెల్లో కొన్నారు. ఏ చట్టం ఎంత నేల పంచిందన్నది వేరే చర్చ. నక్షా మీద దాని ముద్ర మాత్రం ఇది: ఊరు ఇకపై ఐదెకరాలు, పదెకరాలు, ఇరవై ఎకరాల అతుకులతో పెరగడం మొదలైంది. ఉద్యోగుల సంఘానికో ముక్క, ఇంకో కంపెనీ కార్మికుల సంఘానికో ముక్క, మధ్యలో అమ్మని రైతు చేను, దాని పక్కన కోర్టు వ్యాజ్యంలో పడ్డ బంజరు. ఏ ముక్కకు ఆ ముక్క గ్రామ పంచాయతీ ముద్ర వేయించుకుని లేఅవుట్ అయిపోయేది.

ఆ ముక్క లోపలికి ఒకసారి పోయి చూద్దాం, అసలు సంగతి అక్కడే ఉంది.

రియల్టరు ఒకాయన పదెకరాలు కొన్నాడనుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. అందులో పార్కుకూ రోడ్లకూ పోగా మిగిలిందే అతని సరుకు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది 200 గజాల ప్లాటు: 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. లోపలి రోడ్డు వెడల్పు కూడా 30 అడుగులే. అతని పొలం హద్దు వెంబడి ఒక వరుస ప్లాట్లు వీపు ఆనించి కూర్చుంటాయి. ఆ వరుసలోంచి పక్క పొలంలోకి రోడ్డు తీయాలంటే ఎంత నేల పోతుంది? 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. సరిగ్గా ఒక్క ప్లాటు.

రెండు కాలనీలను కలిపే దారి ఖరీదు ఇరువైపులా చెరో ప్లాటు. అంతే. కానీ ఆ ప్లాటు ఇవాళ నేను వదిలితే, పక్క పొలం ఐదేళ్ళ తర్వాత ఎవరో కొని, సరిగ్గా అదే చోట తన ప్లాటు వదులుతాడని నమ్మకమేమిటి? అతను వదలకపోతే నా 200 గజాలు గోడకు మొహం పెట్టి కూర్చుంటాయి. వదిలితే అతని కొనుగోలుదారుల కార్లన్నీ నా రోడ్డు మీంచి పోతాయి. రియల్టరు దుర్మార్గుడు కానక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. పక్కవాడికి కూడా అదే లెక్క వచ్చు. రెండు లెక్కలూ తప్పు లేకుండా చేసిన చోట గోడ లేస్తుంది.

అందుకే వెంచర్ నక్షాలు ఎక్కువగా దువ్వెన ఆకారంలో ఉంటాయి. అప్రోచ్ రోడ్డు మీద ఒక ఆర్చి, లోపలికి ఒక నడిమి రోడ్డు, దానికి అటూ ఇటూ పళ్ళలా చిన్న రోడ్లు, ప్రతి పన్నూ హద్దు దగ్గర ఆగిపోతుంది. ఇందులో వాస్తుకూ పాత్ర ఉంది. రోడ్డు వచ్చి ఎదురుగా తగిలే ప్లాటుకు వీధిపోటు అంటారు, దాని బేరం తగ్గుతుంది. నార్త్ ఈస్ట్ కార్నర్ బిట్టుకు ధర పెరుగుతుంది. ప్లాటుకు ఏ దిక్కు ఎంత పలుకుతుందో బ్రోచర్‌లో విడివిడిగా ఉంటుంది. పక్క కాలనీకి దారి ఉంటే ఎంత పలుకుతుందో ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

ఈ గీతలకు కింద ఇంకో పాత గీత ఉంది. లేఅవుట్ హద్దు అంటే సర్వే నంబరు హద్దు. సర్వే నంబరు అంటే ఒకప్పటి చెలక, మడి. చెలకల మధ్య బండ్ల బాటలు ఉండేవి, వాగు గట్లు ఉండేవి. రెవెన్యూ రికార్డుల్లో గీసి ఉన్నవాటిని నక్షా బాట అంటారు. వాటి మీద అందరికీ హక్కు. ఊరు పొలాల మీదికి వచ్చినప్పుడు ఆ బాటలను వెడల్పు చేసి ఉంటే చాలు, కనీసం అరకిలోమీటరుకో కలిపే రోడ్డు ఉండేది. జరిగింది ఏమిటంటే, నక్షా బాటలో కొంత ఒకరి ప్రహరీలో కలిసింది, ఇంకొంత నాలా అయింది, మిగిలింది సందుగా మిగిలింది. చెరువుల సంగతి చెప్పనక్కర్లేదు. మణికొండ, పుప్పాలగూడ, నిజాంపేట, బాచుపల్లి వైపు ఏ పటమైనా తెరిచి చూడండి. వందల కాలనీలు, లోపల వేల రోడ్లు, అవన్నీ దిగేది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టగల మెయిన్ రోడ్ల మీదికి. పొద్దున తొమ్మిదింటికి అక్కడ బండి కదలకపోతే కారణం బండ్ల సంఖ్య ఒక్కటే కాదు. పాల ప్యాకెట్టుకు పోయేవాడూ, ఆఫీసుకు పోయేవాడూ, స్కూలు బస్సూ, నీళ్ళ ట్యాంకరూ అందరికీ ఉన్నది అదొక్కటే దారి.

ఈ రోగం మనది మాత్రమే కాదు, పుట్టింది కూడా ఇక్కడ కాదు. న్యూయార్క్ మన్‌హట్టన్‌ను 1811లో నిలువు అడ్డం గీతలతో గళ్ళు గళ్ళుగా గీశారు. భూమి కొని అమ్మడానికి అనువుగా ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. అయినా ఫలితం నడిచేవాడికి మేలు చేసింది. మోటారు వచ్చాక ఆ గళ్ళ మీద మొహం మొత్తింది. 1929లో న్యూజెర్సీలో క్లారెన్స్ స్టీన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు రాడ్‌బర్న్ అనే పేట గీశారు. ఇళ్ళ గుత్తులకు కార్లు వచ్చే మూసిన వీధులు ఒక వైపు, తోటల్లోంచి నడిచే బాటలు ఇంకో వైపు, రోడ్డు దాటడానికి కింది నుంచి సొరంగం. పిల్లవాడు కారు ఎదురుపడకుండా బడికి పోవచ్చు. మంచి ఆలోచన. తర్వాత కట్టినవాళ్ళు అందులోంచి మూసిన వీధిని తీసుకుని నడక బాటను వదిలేశారు. 1934లో పుట్టిన అమెరికా ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇళ్ళ రుణాలకు హామీ ఇస్తూ, గళ్ళ వీధులకంటే వంపుల వీధులు, మూసిన వీధులు మేలని బిల్డర్లకు మార్గదర్శకాలు పంచింది. రుణం కావాలంటే నక్షా అలా ఉండాలి. ఆ తర్వాత సగం శతాబ్దం పాటు అమెరికా శివార్లు అలాగే పరుచుకున్నాయి. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉంటున్న మన వాళ్ళను అడగండి, వెనక ఇంటి పెరడు కనిపిస్తూనే ఉంటుంది, అక్కడికి పోవాలంటే కారు తీయాలి.

దీన్ని కొలిచే పద్ధతి కూడా ఒకటి తయారైంది. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలర్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో అమెరికా రోడ్ల శతాబ్ద చరిత్రను లెక్కగట్టారు. లెక్క సులువు. ప్రతి కూడలిలో ఎన్ని రోడ్లు కలుస్తాయో చూడాలి. చౌరస్తాకు నాలుగు, మూడు రోడ్ల కూడలికి మూడు, మూసిన చివరకు ఒకటి. మొత్తం కూడి కూడళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటే ఆ ఊరి అల్లిక. మన దువ్వెన వెంచర్‌లో ఆరు మూడు రోడ్ల కూడళ్ళు, ఆరు మూసిన చివరలు ఉన్నాయనుకుంటే సగటు రెండు. గుల్జార్‌హౌజ్ ఒక్కదానికే నాలుగు. వాళ్ళు తేల్చిందేమిటంటే, అమెరికాలో కొత్తగా వేసే వీధుల అల్లిక ఇరవయ్యో శతాబ్దం పొడుగునా పలచబడుతూ వచ్చి 1994 ప్రాంతంలో అట్టడుక్కు చేరింది, ఆ తర్వాత మెల్లగా తేరుకుంటోంది. 2020లో అదే జంట ప్రపంచమంతటికీ లెక్క చూసింది. 1975 నుంచి మొత్తం మీద కొత్త పేటల అల్లిక సడలుతూనే ఉంది. అర్జెంటీనా, పెరూ లాంటి దేశాలు, జపాన్ చాలా మటుకు గళ్ళ పద్ధతిని వదల్లేదు. గేటెడ్ కమ్యూనిటీలు ఎక్కువవుతున్న ఆగ్నేయాసియాలో సడలింపు బలంగా ఉంది.

అమెరికా ఎందుకు తేరుకుందన్నది మనకు ఆసక్తికరం. జ్ఞానోదయం ఒక్కటే కారణం కాదు, ఖర్చు కూడా. వర్జీనియా రాష్ట్రం 2009లో ఒక నియమం తెచ్చింది. కొత్త పేట రోడ్లు చుట్టుపక్కల రోడ్లతో తగినంత కలవకపోతే వాటి మరమ్మతు బాధ్యత రాష్ట్రం తీసుకోదు. గోడ కట్టుకుంటే కట్టుకో, గుంతలు కూడా నువ్వే పూడ్చుకో అన్నమాట.

మన దగ్గర నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ జీవోలో, పెద్ద స్థలాల్లో కట్టడాలు చేపట్టేవాళ్ళు లోపలి భూములకు దారి అందేలా తమ స్థలం అంచున ఒక పక్క జనం తిరిగే రోడ్డు వదలాలని ఉంది. చదివితే మీర్ మోమిన్ సంతోషిస్తాడు. ఆ వదిలిన రోడ్డు చివర ఎన్నిచోట్ల వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడో చూస్తే ఆ సంతోషం నిలవదు. లేఅవుట్‌లో రోడ్లు, ఖాళీ స్థలం చట్టప్రకారం స్థానిక సంస్థకు అప్పగించినవి. అంటే అవి సర్కారు రోడ్లు. అయినా కాలనీ సంక్షేమ సంఘం గేటు పెడుతుంది, రాత్రి పదికి తాళం వేస్తుంది, తర్వాత పగలూ వేస్తుంది. వాళ్ళ భయాలు వట్టివని నేననను. దొంగతనాలు ఉన్నాయి, అడ్డదారి వెతుక్కునే బైకులు ఇంటి ముందు పిల్లల్ని ఆడుకోనివ్వవు. కానీ ఆ గేటుకు అవతల ఉన్న బస్తీలోంచే వాళ్ళ ఇళ్ళకు పనిమనిషి రావాలి, ఇస్త్రీ బట్టలు రావాలి. చాలా కాలనీల వెనక గోడలో ఒకచోట నాలుగు ఇటుకలు ఊడి, మనిషి ఒదిగి పట్టేంత సందు ఉంటుంది. కింద రెండు రాళ్ళు మెట్టుగా వేసి ఉంటాయి. సంఘం వాళ్ళు పూడుస్తారు, నెలలోపే మళ్ళీ ఊడుతుంది. ముబారిజ్ ఖాన్ గోడలో ఖిడ్కీలు నక్షాలోనే ఉన్నాయి, మన గోడల్లో జనమే పెట్టుకుంటున్నారు.

గోడలు ప్రైవేటువాళ్ళే కట్టారనుకోవద్దు. సికింద్రాబాద్‌లో ఒకప్పుడు అందరూ తిరిగిన కంటోన్మెంటు రోడ్లను భద్రత పేరుతో సైన్యం మూయడం ఏళ్ళ తరబడి గొడవైంది. ఊరి ఈశాన్యం నుంచి నడిబొడ్డుకు రావలసినవాళ్ళు చుట్టు తిరిగారు. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమంది. కొన్ని తెరుచుకున్నాయి, కొన్నిటి మీద పేచీ తెగలేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఇంకో రకం. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు, ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి దిగడానికి వీల్లేదు. దూరం పోయేవాడికి వరం. అడ్డంగా దాటాల్సిన ఊరివాడికి అండర్‌పాస్ ఎక్కడుందో వెతుక్కునే పని. దానికి రెండు వైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా 2008లోనే ప్రకటించి లోపల గ్రిడ్ రోడ్లు గీశారు. పటంలో చూస్తే చార్‌కమాన్‌కు తమ్ముడిలా ఉంటుంది. పటంలో గీసిన రోడ్డు నేల మీదికి దిగాలంటే ఆ గీత పడ్డ పట్టాదారు ఒప్పుకోవాలి. పక్కవాడి నేల ధర పెంచడానికి నా నేల ఎందుకు పోవాలన్న అతని ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చినవాళ్ళు తక్కువ.

2020 ప్రాంతంలో ప్రభుత్వం తెగిన దారులను అతకడం మొదలుపెట్టింది. నగరంలో 130కి పైగా లింకురోడ్లను గుర్తించి, విడతలవారీగా వేయడానికి ఒక కార్పొరేషన్‌కు అప్పగించారు. ఇవి చాలా చోట్ల చిన్న రోడ్లే, కొన్ని కిలోమీటరు కూడా ఉండవు. వేసిన చోట ఫలితం మర్నాడే తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. నడిమి భాగమే 233 మీటర్లు. జూబ్లీహిల్స్‌నూ మాదాపూర్‌నూ కలిపే ఆ వంతెనను జనం ముందు చూడ్డానికే వెళ్ళారు, వారాంతాల్లో కొన్నాళ్ళు వాహనాలు ఆపి నడవనిచ్చారు కూడా. కానీ ఒక్క మాట: ముందు వదిలి ఉంటే ఒక ప్లాటుతో పోయేదాన్ని, ఇళ్ళు లేచాక కోట్లు పోసి, కోర్టుల్లో తిరిగి కొనుక్కుంటున్నాం.

వేరే పద్ధతులు లేకపోలేదు. అహ్మదాబాద్‌లో టౌన్ ప్లానింగ్ స్కీం అని ఒకటుంది, మూలాలు 1915 నాటి బొంబాయి చట్టంలో ఉన్నాయి. ఒక ప్రాంతంలోని రైతుల భూములన్నీ కాగితం మీద కలిపేస్తారు, రోడ్లు గీస్తారు, ప్రతివాడికీ కొంత కోసుకుని మిగిలింది సరిచేసి తిరిగిస్తారు. గీత నా చేను మీంచి పోయినా నష్టం అందరిదీ. అక్కడి 76 కిలోమీటర్ల రింగు రోడ్డు వెనక ఈ పద్ధతి పనిచేసింది. అమరావతిలో 2015లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణకు (ల్యాండ్ పూలింగ్) ఇచ్చారు. అక్కడ నిలువు అడ్డం రోడ్లకు అక్షరం, అంకె పెట్టి ముందే గీశారు. రోడ్లు, ప్లాట్లు ఎప్పుడు ఎంత తయారయ్యాయన్నది రాజకీయాల చేతిలో పడి నలిగింది గానీ, కలిపే గీత ఎవరు గీయాలన్న ప్రశ్న అక్కడ ముందే తేలింది. హైదరాబాద్‌లోనూ ఉప్పల్ భగాయత్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ రైతుల భూమి తీసుకుని లేఅవుట్ వేసి వాళ్ళకు ప్లాట్లు తిరిగిచ్చింది. అంటే తెలియక కాదు.

మిగతా చోట్ల మనం ఎంచుకున్న దారి క్రమబద్ధీకరణ. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్ళు రుసుము కట్టి సక్రమం చేయించుకోవచ్చంటూ తెలంగాణ ప్రభుత్వం 2020లో పిలిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒక ప్లాటు, ఒక యజమాని, ఒక రుసుము. రెండు వెంచర్ల నడుమ గోడకు యజమాని లేడు కాబట్టి దాని మీద దరఖాస్తు పెట్టినవాడూ లేడు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఆ గోడల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి, కొన్నిచోట్ల జేసీబీతో కొట్టి రోడ్డు కలిపారు. ఇప్పుడు ఔటర్‌కు అవతల, రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందన్న చోట్ల, చేలల్లో మళ్ళీ తెల్ల రంగు కడీలు పాతుతున్నారు. అక్కడి భూముల కథ వచ్చే భాగంలో.

(సశేషం)